పసుపు బాణం ఉంటే పరిగెత్తొచ్చు

లండన్‌కో రెడింగ్‌కో ప్రాజెక్టు మీద వచ్చిన మనవాళ్లకి మొదటి కొన్ని నెలలు రన్నింగ్ అంటే ఇంటి దగ్గర పార్కు చుట్టూ నాలుగు రౌండ్లే. ఓ శనివారం రైలెక్కి సర్రే కొండల వైపు వెళ్తే సీన్ మారిపోతుంది. కొండ, అడవి, గొర్రెలు మేసే పచ్చిక. బానే ఉంది. కానీ కాసేపటికే ఓ అనుమానం కాళ్లకి అడ్డం పడుతుంది. దారి నేరుగా ఎవరిదో పొలంలోకి పోతోంది. గేటు వేసి ఉంది. దూరంగా రైతు ఇల్లు కనిపిస్తోంది. లోపలికి వెళ్లొచ్చా? ఎవరైనా కేకేస్తే ఏం చెప్పాలి? మన రంగు, మన యాస... ఆ జంకు గురించి వేరే చెప్పక్కర్లేదు.

గేటు పక్కన కర్రస్తంభం చూడండి. చిన్న గుండ్రటి బిళ్ల, దాని మీద పసుపు బాణం ఉందా? తలుపు తీసుకుని దర్జాగా వెళ్లండి. అది పబ్లిక్ ఫుట్‌పాత్. భూమి రైతుదే, దారి మాత్రం అందరిదీ. మీరు ఏ వీసా మీద వచ్చారన్నది ఆ బాణానికి అనవసరం. నీలం బాణం ఉంటే గుర్రాలు, సైకిళ్లు కూడా రావొచ్చు. వెనకాల గేటు మళ్లీ వేసేయడం మాత్రం మర్చిపోకూడదు.

మన పల్లెల్లో పొలం గట్ల మీద నడిచి పక్కూరికి పోవడం కొత్తేం కాదు. చాలాచోట్ల అది ఒకరికొకరు ఇచ్చుకునే మర్యాద. ఇక్కడ ఆ మర్యాదని చట్టంలో రాసుకున్నారు. పొలం మధ్యగా పోయే ఫుట్‌పాత్‌ని రైతు విత్తనాల కోసం దున్నితే, మామూలుగా 14 రోజుల్లోగా కనీసం మీటరు వెడల్పున దారి మళ్లీ సరిచేసి పెట్టాలి. ఇంగ్లండ్, వేల్స్ కలిపితే ఇలాంటి దారులు సుమారు 2 లక్షల 25 వేల కిలోమీటర్లు.

ఇవన్నీ దొరలు దయతో ఇచ్చినవి అనుకుంటే పొరపాటే. 1932 ఏప్రిల్ 24న ఉత్తరాన పీక్ డిస్ట్రిక్ట్‌లోని కిండర్ స్కౌట్ కొండ మీదికి వందలమంది కుర్రాళ్లు కావాలనే చొరబడ్డారు. అప్పట్లో అది ధనవంతులు వేట కోసం అట్టే పెట్టుకున్న కొండ. ముందు నడిచిన బెన్నీ రోత్‌మాన్ వయసు 20. కాపలావాళ్లతో తోపులాట జరిగింది, కేసులు పెట్టారు, అయిదుగురికి జైలు శిక్ష పడింది. ఆ తర్వాత 1949లో వచ్చిన చట్టం ప్రతి జిల్లాలోనూ కాలిబాటల్ని గుర్తించి అధికారిక మ్యాపులో ఎక్కించమంది. అందులో ఎక్కిన దారికి ఢోకా లేదు. ఎక్కనిదాని సంగతే తేలాలి.

ఎందుకంటే మ్యాపులో చేరని పాత దారులు ఇంకా ఉన్నాయి. వాటిని చేర్చడానికి 2000లో తెచ్చిన చట్టం 2026 జనవరి 1ని గడువుగా పెట్టింది. తర్వాత దాన్ని 2031కి జరిపారు. అసలు గడువే ఎత్తేస్తామని 2024 డిసెంబర్‌లో ప్రభుత్వం ప్రకటించింది. నాకు అన్నిటికన్నా నచ్చిన రూల్ ఇంకోటుంది. ఒక దారిలో జనం 20 ఏళ్లపాటు అనుమతి అడక్కుండా, దొంగచాటుగా కాకుండా, బలవంతం చేయకుండా తిరిగితే అది పబ్లిక్ దారి కిందే లెక్క. యజమాని ఇష్టంగా ఇవ్వలేదని రుజువు చేసుకుంటే తప్ప. అంటే జనం పాదాలే కాగితం రాస్తాయన్నమాట.

ఇప్పుడు మన ఫోన్ల విషయం. రన్నింగ్ యాప్‌లో హీట్‌మ్యాప్ తెరిస్తే మెరిసే గీతలు బోలెడు. కానీ అవి ఎవరో పరిగెత్తారని చెప్తాయంతే, పరిగెత్తొచ్చని చెప్పవు. డేటా వేరు, పర్మిషన్ వేరు. రోజూ కోడ్ రాసే మనకి ఈ తేడా ఇంకొకరు చెప్పాలా? రూట్ గీసేముందు ఆర్డినెన్స్ సర్వే వాళ్ల 1:25,000 మ్యాపు చూడండి. అందులో ఆకుపచ్చ చుక్కల గీతలే హక్కున్న దారులు.

అదే మ్యాపులో సన్నటి గోధుమరంగు గీతలు ఎత్తుని చూపిస్తాయి. ఇలాంటి చోట్ల ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య 5 మీటర్లు. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే ఊపిరి తీసుకుని రెడీ అవ్వాల్సిందే. 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన నడిచేవాళ్ల కోసం ఓ లెక్క కట్టాడు. పైకి ఎక్కే ప్రతి మీటరూ చదును మీద సుమారు 8 మీటర్లతో సమానం. 10 కిలోమీటర్ల రూట్లో 300 మీటర్ల ఎక్కుడుంటే మీ కాళ్ల లెక్కలో అది 12.4 కిలోమీటర్లు. పరుగుకీ దాదాపు ఇదే పనికొస్తుంది. కాబట్టి కొండ మీద పేస్ పడిపోయిందని వాచీని తిట్టకండి.

మొదటిసారికి బాక్స్ హిల్ చాలు. వాటర్లూలో ఎక్కితే సుమారు గంటలో బాక్స్ హిల్ అండ్ వెస్ట్‌హంబుల్ స్టేషన్. ఏ24 పెద్ద రోడ్డు జాగ్రత్తగా దాటితే మోల్ నది. దాటడానికి వరుసగా 17 రాళ్లు. యుద్ధకాలంలో పాతవి తీసేస్తే, ఇప్పుడున్నవాటిని 1946లో ప్రధాని అట్లీ వచ్చి ప్రారంభించాడు. వానలకి నది పొంగితే రాళ్లు మునిగిపోతాయి. సాహసాలు వద్దు, దగ్గర్లోనే నడకవంతెన ఉంది. అవతల చెట్ల నీడలో రెండొందల డెబ్బైకి పైగా మెట్లు. ఇక్కడ పరిగెత్తేవాళ్లని చూసి సిగ్గుపడక్కర్లేదు, నడవండి. పైన సాలమన్స్ వ్యూపాయింట్ దగ్గర చెట్లు ఒక్కసారిగా తొలగి, కింద డోర్కింగ్ ఊరు, ఎదురుగా లీత్ హిల్ కనపడతాయి. దిగేటప్పుడు బర్‌ఫర్డ్ స్పర్ అనే గడ్డివాలు పట్టుకోండి. మోకాళ్లు దీవిస్తాయి. మొత్తం సుమారు 5 కిలోమీటర్లు. పక్కనే జిగ్‌జాగ్ రోడ్డు, 2012 ఒలింపిక్స్ సైకిల్ రేసులో మగవాళ్లు 9 రౌండ్లు కొట్టింది ఈ కొండ మీదే. అది వాళ్లకి వదిలేద్దాం.

బాక్స్ హిల్ అంతా సుద్దరాయి. తడిసిందంటే సబ్బుబిళ్లే. లీత్ హిల్ మాత్రం ఇసుకరాయి, నీళ్లు త్వరగా ఇంకిపోతాయి. అందుకే నా ఓటు చలికాలంలో లీత్ హిల్‌కి, ఎండాకాలంలో బాక్స్ హిల్‌కి. రెంటి మధ్య లోయలో బంకమన్ను. జనవరిలో అక్కడ బూటు ఒకటి దిగబడిపోతే ఆశ్చర్యం లేదు. డోర్కింగ్ నుంచి కోల్డ్‌హార్బర్ ఊరి మీదుగా లీత్ హిల్ ఎక్కొచ్చు. కొండ ఎత్తు 294 మీటర్లు. రిచర్డ్ హల్ అనే ఆయన 1760లలో దాని మీద టవర్ కట్టించి, కొండని వెయ్యి అడుగులు దాటించాడు. చనిపోయాక తనని దాని కిందే పాతిపెట్టించుకున్నాడు కూడా!

ఏప్రిల్ చివర్లో వెళ్తే అడవంతా బ్లూబెల్ పూలతో నీలంగా ఉంటుంది. సెల్ఫీ కోసం పూలలోకి దిగొద్దు. ఆకులు నలిగితే ఆ మొక్క కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఎండాకాలం పొడుగు గడ్డిలో టిక్ అనే పురుగులు పట్టుకుంటాయి, వాటివల్ల లైమ్ జ్వరం రావచ్చు. ఇంటికెళ్లాక మోకాళ్ల వెనకా నడుం దగ్గరా చూసుకోవాలి. ఆవు పక్కన దూడ కనిపిస్తే పరుగు ఆపి, చుట్టూ తిరిగి, నడుచుకుంటూ పోండి. ఆంబోతుల మీదా చట్టం ఉందిక్కడ. 10 నెలలు దాటిన పాలజాతి ఆంబోతుని పబ్లిక్ దారి ఉన్న పొలంలో వదలకూడదు. మాంసం జాతిదైతే ఆవులతో కలిపి వదలొచ్చు. ఏది ఏ జాతో గేటు దగ్గర నిలబడి తేల్చుకునేంత తీరిక నాకైతే లేదు. మ్యాపులో ఇంకో చుక్కల గీత ఉందేమో వెతుక్కుంటాను.