నకలు తీయడం దొంగతనమా?

హైదరాబాదు నుంచి బీజాపూరు పోయే రహదారిలో, మొయినాబాదు దాటి చేవెళ్ళ వైపు సాగేవారికి ఇరుపక్కలా వందలాది మర్రిచెట్లు కనబడతాయి. మర్రి ఊడలు దించేది వేడుకకు కాదు, మాను డొల్లబారినా చెట్టు నిలవడానికి. ఆ పాటి ముందుచూపు ఆటల యంత్రాలు నడిపే మనకు ఎందుకు లేదన్నదే నా ప్రశ్న. దారిపక్క చిన్న వ్యాపారికైనా, నగరంలోని మాల్ యజమానికైనా ఇదే వర్తిస్తుంది.

మొదట్లో ఆర్కేడ్ ఆట మొత్తం చిప్పుల్లో ఉండేది. 1994లో వచ్చిన 'కిల్లర్ ఇన్‌స్టింక్ట్' వంటి ఆటలతో హార్డ్ డిస్కు ప్రవేశించింది. చిప్పులో కదిలే భాగం లేదు. డిస్కులో పళ్ళెం గంటల తరబడి తిరగాలి. దుమ్ము, కరెంటు కోతలు, పిల్లల గుద్దులు అన్నీ దానిమీదే. ఏదో ఒకనాడు అది ఆగక తప్పదు. అప్పుడు "యంత్రమే మార్చండి" అన్న సలహా వస్తుంది. పెట్టె, తెర, మీటలు అన్నీ బాగున్నా, అరచేతిలో ఇమిడే డిస్కు కోసం మొత్తం పాత ఇనుము కొట్టుకు చేరుతుంది. ఇది మరమ్మతు కాదు, దుబారా.

"నకలు తీస్తే నేరం కాదా?" అని భయపడేవారున్నారు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం, 52(1)(ఎఎ) చదవండి. సాఫ్ట్‌వేర్ ప్రతిని న్యాయంగా కలిగినవాడు, నష్టం నుంచి తాత్కాలిక రక్షణగా బ్యాకప్ తీసుకోవచ్చునని అందులోనే ఉంది. 2012లో చేరిన 65ఎ సాంకేతిక తాళాలు ఛేదించడాన్ని శిక్షార్హం చేసిన మాట నిజమే. అదీ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో చేసినప్పుడే. ఒక నకలును పది యంత్రాలకెక్కించి అమ్మేవాడు దొంగే, వాణ్ణి నేను వెనకేసుకు రావడం లేదు. మొదటే దొంగ సరుకు కొన్నవాడికీ ఈ రక్షణ లేదు. కాని సొంత యంత్రాన్ని బతికించుకునేవాణ్ణి అదే గాట కట్టడం అన్యాయం.

పని కష్టమైనది కాదు. డిస్కు బాగున్నప్పుడే విప్పి, కంప్యూటరుకు తగిలించి, సెక్టారు సెక్టారుగా పూర్తి ప్రతిబింబం తీయాలి. ఫైళ్ళు కాపీ చేస్తే చాలదు. చాలా ఆటల డిస్కుల్లో విండోస్ గుర్తించే అమరికే ఉండదు. "ఇనీషియలైజ్ చేయనా?" అని అది అడిగితే ఒప్పుకోకండి. చెడిన సెక్టార్లుంటే లినక్స్‌లోని డీడీరెస్క్యూ వాడండి. అది చదవగలిగినదంతా ముందు తీసి, చెడిన చోట్లకు ఆ తర్వాత తిరిగి వెళుతుంది. కొన్ని ఆటలు డిస్కు గుర్తింపును కూడా సరిచూస్తాయి. కనుక నకలును వేరే డిస్కుకెక్కించి, యంత్రంలో ఆడించి చూడాలి. ఆడించి చూడని నకలు మీద భరోసా పెట్టుకోకూడదు.

1997లో నికోలా సాల్మోరియా ప్రారంభించిన 'మేమ్' ద్వారా ఎన్నో పాత ఆటలు నేటికీ బతికున్నాయంటే, ఎవరో సకాలంలో నకలు తీసి ఉంచబట్టే. పోయిన డిస్కును తలచుకుని వాపోవడం కన్నా, తిరుగుతున్న డిస్కుకు ఈ వారమే నకలు తీయడం మేలు.