చెప్పాం కదమ్మా!

ఆస్పత్రిలో పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ నర్సు మారుతుంది. పన్నెండు గంటలు కనిపెట్టుకున్న అమ్మాయి, కొత్తగా వచ్చిన అమ్మాయికి మన అత్తగారి గురించి నాలుగు మాటలు చెప్పి బస్సెక్కుతుంది. దీన్నే హ్యాండోవర్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో రోగుల భద్రత కోసం చెప్పిన తొమ్మిది జాగ్రత్తల్లో ఇదీ ఒకటి.

చలికాలం వస్తే ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మా బిల్డింగు నిండా ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలే. పెట్టెలో ఆవకాయతో పాటు మూడు నెలల మందులు. తిరకాసంతా ఆ మందుల పేర్లతోనే. మన డోలో, ఇక్కడి పనడాల్, రెండూ పారాసిటమాలే. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్. డోలో అంటే మలయాళీ నర్సుకి వెంటనే తెలుస్తుంది, రాత్రి డ్యూటీకొచ్చే ఫిలిప్పీన్స్ అమ్మాయికి తెలియకపోవచ్చు. తలగడ కింది డోలో మధ్యాహ్నం వేసుకున్న సంగతి ఫైలుకెక్కకపోతే, రాత్రి మళ్లీ అదే మందు పడుతుంది.

మా కింది ఫ్లాట్ అక్క వాళ్ల అత్తగారు శనివారం రాత్రి ఏమీ ముట్టరు. పగటి నర్సుకి ఆ మాట చెప్పారు. రాత్రి నర్సుకి అది చేరలేదు. ఇన్సులిన్ ఎప్పటిలాగే ఇచ్చేసింది, భోజనం ట్రే అలాగే ఉండిపోయింది. అర్ధరాత్రి చెమటలు, వణుకు, షుగర్ పడిపోయింది. గ్లూకోజ్ పెట్టాక కోలుకున్నారు లెండి. “చెప్పాం కదమ్మా!” అని అక్క ఇప్పటికీ బాధపడుతుంది. చెప్పారు, నిజమే. విన్నావిడ ఇంటికెళ్లిపోయింది.

అమెరికాలో తొమ్మిది ఆస్పత్రుల పిల్లల వార్డుల్లో జూనియర్ డాక్టర్లకు ఐ-పాస్ అనే పద్ధతి నేర్పారు. జబ్బు తీవ్రత, జరిగిన కథ, చేయాల్సిన పనులు, ఏం జరగొచ్చు, ఇలా ఒక వరస ప్రకారం అప్పగించడమే. వైద్యంలో పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో ప్రచురించారు. నాకు నచ్చింది చివరి మెట్టు: విన్నవాళ్లు తిరిగి చెప్పాలి. మన కిరాణా కొట్టాయన చీటీ తిరిగి చదివి వినిపించడూ, అలాగన్నమాట!

మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో లేబుల్ లేని సీసా ముట్టనిచ్చేవారు కాదు. ఆ అలవాటుతోనే మా ఇంటి పెద్దవాళ్లకి ఒక కాగితం రాసి పెట్టాను. ఇంగ్లీషులో మందుల అసలు పేర్లు, మోతాదు, వేళ, పడని మందులు, ఉపవాసం రోజులు. ఒక కాపీ ఫైల్లో పెట్టమంటాను, ఒకటి నా బ్యాగులో ఉంటుంది.

హ్యాండోవర్ జరిగేటప్పుడు బయటికి వెళ్లమంటే వెళ్లండి, పక్క మంచాల వాళ్ల సంగతులూ మాట్లాడుకుంటారు. తిరిగొచ్చాక కొత్త నర్సుని పలకరించి, ఏమనుకుంటుందో అని మొహమాటపడకుండా ఒక్కటి అడగండి: “సిస్టర్, వాట్ డిడ్ దే టెల్ యూ అబౌట్ హర్ ఇన్సులిన్?”