చెక్ కంప్లీట్ అట!

2023 సెప్టెంబర్ 30, ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో టాటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్. స్కోరు 0-0. లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు, లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ అని జెండా ఎత్తాడు. వీడియో గదిలో ఉన్న వీఏఆర్ రిఫరీ చూస్తే ఆఫ్‌సైడ్ కాదు. అయితే మైదానంలో గోల్ ఇచ్చేశారనుకుని "చెక్ కంప్లీట్" అనేశాడు! అక్కడివాళ్ళకేమో "జెండా కరెక్టే" అని అర్థమయ్యింది. ఫ్రీకిక్ కొట్టేశారు. ఆట మళ్ళీ మొదలయ్యాక గోల్ ఇవ్వడానికి రూల్ ఒప్పుకోదు. లివర్‌పూల్ 2-1తో ఓడింది.

దీన్ని పట్టుకుని వీఏఆర్ ఎత్తేయమనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. 2010 ప్రపంచకప్‌లో జర్మనీ మీద లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటినా గోల్ ఇవ్వలేదు, మర్చిపోయారా? అప్పుడు చూసే దిక్కు లేదు. ఇక్కడ చూశారు, చెప్పడం రాలేదు.

మన భాషలో చెప్పాలంటే... దేనికి ఓకేనో చెప్పకుండా ఉత్త "ఓకే" పంపే ఫంక్షన్‌ని కోడ్ రివ్యూలో ఎవరైనా పాస్ చేస్తారా?

మాట్లాడే పద్ధతి మారుస్తామని తర్వాత అన్నారు, సంతోషం. కానీ ఆ ఆడియో బయటికి రావడానికి మూడు రోజులు పట్టింది. ఎందుకండీ అంత గుట్టు? క్రికెట్‌లో థర్డ్ అంపైర్ మాటలు ఇంట్లో కూచుని వింటున్నాం కదా! జనం వింటున్నారని తెలిస్తే ఎవడైనా పూర్తి వాక్యంలో మాట్లాడతాడు.

2024 జూన్‌లో క్లబ్బులు 19-1 ఓట్లతో వీఏఆర్‌ని ఉంచుకున్నాయి. మంచి పనే. ఇక ఆ గదిలో మైకు కూడా మాకు వదలండి.