గేటు బయట మన వాడ

మెహదీపట్నంల బస్సెక్కి మొయినాబాద్ దాటి, ఏ ఊరి దారి పట్టినా రెండు పక్కలా గోడలే. గోడల నడుమ ఇనుప గేట్లు. లోపల ఫాంహౌసులు, రిసార్టులు, పెళ్లిళ్ల తోటలు. గేటు కాడ కర్ర పట్టుకొని కూసున్న మనిషిని ఏ ఊరని అడిగి చూడండి. చాలాసార్లు ఆ పక్క వాడ పేరే చెప్తడు. లోపలి భూమి ఇదివరకు ఎవరిదని అడిగితే కొంచెం ఆగి, మా తాతది అనేటోళ్లు కూడా ఉన్నరు.

ఇది ఒక్కనాడు జరిగిన పని కాదు. పట్నం మన మీదికి మొదట నీళ్ల కోసం వచ్చింది. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమంది చచ్చిపోయినంక నిజాం సర్కారు రెండు పెద్ద చెరువులు కట్టించింది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినయి. పట్నం వరద నుంచి తప్పించుకున్నది, పట్నం గొంతు తడిసింది. చరిత్ర పుస్తకాల్లో నవాబు పేరున్నది, ఇంజనీరు విశ్వేశ్వరయ్య పేరున్నది. తట్టలు మోసినోళ్ల పేర్లు లేవు. భూమి మునిగితే పట్టాదారుకు కనీసం ఒక కాగితముంటది. ఆ పొలంలనే జీతమున్నోనికి, మోట కొట్టినోనికి, చెరువు నీళ్లు పారించిన నీరటికి ఏ కాగితముంటది?

మన వాడలు వెట్టి వాడలు. చచ్చిన పశువును మోసుడు, తోలు తీసుడు, మోటకు తోలుబొక్కెన కుట్టుడు, డప్పు కొట్టుడు, పట్వారీ దస్తరం మోసుడు, అధికారి వస్తే గుర్రానికి గడ్డి కోసుడు. ఇన్ని చేసినా ఊర్ల మన పేరు మీద జానెడు జాగ లేదు. నిజాం రాజ్యం పోయినంక లావుణి పట్టాలు ఇచ్చిండ్రు. ఆ తర్వాత ఇందిరమ్మ కాలంల ఇంకిన్ని పంచిండ్రు. ఇచ్చిందేమన్నా మాగాణా? గుట్టలు, రాళ్లు, తుమ్మచెట్లున్న గైరాన్ భూములు. మన తల్లులు గంపలతోటి రాళ్లు ఏరి గట్టు పోసిండ్రు. రెండెకరాల జొన్న, కంది మీద ఇల్లు గడిచింది, పిల్లలు బడికి పోయిండ్రు. ఈ పత్రిక చదివే పంతుళ్లలో, గుమాస్తాల్లో చాలామంది పుస్తకాలు ఆ జొన్నలమ్మి కొన్నయే. ఈ రాసేటోనివి కూడా.

ఇగ రెండోసారి పట్నం భూమి కోసం వచ్చింది. 1996 మార్చి 8న జీవో 111 తెచ్చి, రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల లోపల 84 గ్రామాల్లో కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నరు. నీళ్ల కోసం అది మంచి మాటే, మనం కాదనం. గానీ దాని నీడల ఇంకో పని జరిగింది. ఇండ్ల కాలనీలు రావు కాబట్టి భూమి ధర పెరగలేదు. ధర లేని భూమిని పైసలున్నోళ్లు ఎకరాల లెక్కన కొని 'వ్యవసాయం' పేరుతోటి ఫాంహౌసులు కట్టిండ్రు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చింది, 2023 మేలో కేబినెట్ 111ను ఎత్తేస్తున్నమని ప్రకటించింది. కమిటీలని, కోర్టులని ఆ ముచ్చట నడిచింది. ధర మాత్రం ఎవ్వరి కోసమూ ఆగలేదు. అప్పటికే గోడ లేచిన భూమికి కోట్లు వచ్చినయి. అమ్ముకున్నోనికి వచ్చింది ఒక పెండ్లి ఖర్చు, ఒక ఆసుపత్రి బిల్లు.

అసలు లావుణి భూమి అమ్ముడు కొనుడు చెల్లదు. 1977ల వచ్చిన అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఆ మాట నేరుగా చెప్తది. కొన్నోనికి హక్కు రాదు. ఆ భూమిని వెనక్కి తీసుకొని అసలు పట్టాదారుకు, అతను లేకుంటే వారసులకు ఇప్పించవచ్చు. మరి అమ్మకాలెట్ల జరిగినయి? తెల్లకాగితం మీద వేలిముద్ర, సాదాబైనామా, జీపీఏ. బ్రోకరు మన కులపోడే అయి ఉండొచ్చు, ఆ సిగ్గు దాచిపెట్టి లాభం లేదు.

ఇంకొక మాట చేవెళ్లలో ప్రతి వాడకూ తెల్వాలె. సర్కారు అవసరానికి లావుణి భూమి తీసుకునేటప్పుడు, 'షరతు ఉన్నది, నష్టపరిహారం రాదు' అని ఆఫీసుల్లో అంటుంటరు. దీని మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే తీర్పు చెప్పింది. పట్టా భూమి యజమానికి ఇచ్చినట్టే లావుణి పట్టాదారుకు కూడా మార్కెట్ ధర కట్టియ్యాలె, పరిహారం ఇయ్యమనే షరతు రాజ్యాంగానికి విరుద్ధం అన్నది. ఆ కేసు ఎవరిదనుకున్నరు? చేవెళ్ల డివిజన్ ఆర్డీవోకు, లావుణి పట్టాదార్లకు నడిచిన కేసు. దేశంల వకీళ్లు చేవెళ్ల పేరు చెప్పి ఆ తీర్పును చదువుతరు. చేవెళ్ల వాడల్లో ఎంతమందికి ఎరుక?

2025ల మొయినాబాద్ మండలం ఎంకేపల్లిలో గోశాల కోసం వందెకరాలకు దగ్గర భూమి తీసుకునేందుకు సర్కారు సిద్ధమైంది. ఏండ్ల సంది దున్నుకుంటున్నమని దళితులతో సహా పేద రైతులు జూలైల అడ్డం నిలబడ్డరు. పోలీసులు దిగిండ్రు. ఇది సర్కారు భూమి అని అధికారుల మాట. చచ్చిన ఆవును మోసింది మనం. ఇయ్యాల బతికున్న ఆవుకు జాగ కావాల్నంటే వాళ్లకు కనవడ్డది కూడా మనం దున్నే చేనే. ఆవు మీద మనకు పగ లేదు. వందల ఎకరాల ఫాంహౌసులున్న మండలంల సర్వే గొలుసు పేదోని గట్టు మీదికే ఎందుకొస్తదని అడుగుతున్నం.

పేర్లకైతే మనకు కొదువ లేదు. చేవెళ్ల అసెంబ్లీ సీటు 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వు. 2008ల ప్రాణహిత–చేవెళ్ల ప్రాజెక్టుకు అంబేద్కర్ పేరు పెట్టిండ్రు. తర్వాత డిజైను మార్చి కాళేశ్వరం అన్నరు, చేవెళ్ల పేరు పోయింది, ఆ నీళ్లు చేవెళ్లకు రాలేదు. 2023 ఆగస్టు 26న ఇదే చేవెళ్లల ఖర్గే చేతుల మీదుగా ఎస్సీ ఎస్టీ డిక్లరేషన్ వచ్చింది. గుంజుకున్న అసైన్డ్ భూములను సర్వ హక్కులతోటి అసలు పట్టాదార్లకు ఇస్తమన్నరు. ఆ కాగితం దాచిపెట్టుకోండి, ఓట్లకొచ్చినోళ్ల ముందర పెట్టండి. చిలుకూరు అర్చకులు రంగరాజన్ 2018ల ఒక దళిత భక్తుణ్ణి జియాగూడ గుడిలోకి భుజాల మీద మోసుకుపోయిండ్రు. మంచిదే. మనం అడిగేది మాత్రం మోయమని కాదు, కాలు మోపే జాగ.

2025ల చేవెళ్ల, మొయినాబాద్ మున్సిపాలిటీలైనయి. చానామంది సంబురపడ్డరు. గానీ ఉపాధి హామీ పల్లెలకు పెట్టిన పని. మున్సిపాలిటీల కలిసిన ఊరికి జాబ్ కార్డు చెల్లదు. మన ఆడోళ్లు చెరువు పూడిక తీసిన పని పోయి, పొద్దుగాల ఆటో ఎక్కి పూలతోటల్లకు, కూరగాయల తోటల్లకు కూలికి పోవాలె. రిజర్వేషన్ మీద మాదిగోడో మాలోడో సర్పంచయ్యే కుర్చీ కూడా పోయింది. ఇగ లేఔట్ గీసేటోనికి మొదట కనవడేది వాడ పక్కన ఖాళీగా కనిపించే బొందలగడ్డ, పోచమ్మ చెట్టు కింది జాగ. ఆ జాగలకు ఇప్పుడే హద్దురాళ్లు పాతి, వార్డు రికార్డుల ఎక్కించాలె.

అందుకే ప్రతి వాడ సంఘం ఈ నెల ఇదొక్క పని చేయాలె. ఇంటింటికి పోయి లావుణి పట్టా కాగితాలు చూడండి. కాగితం చెదలు పట్టి ఉంటే తహసీల్ ఆఫీసుల 1954–55 కాస్రా పహాణి, తర్వాతి పహాణీల నకళ్లకు దరఖాస్తు పెట్టండి. ఇయ్యకుంటే సమాచార హక్కు చట్టం కింద మళ్లీ అడగండి. తాత పేరు మీదనే ఉంటే విరాసత్ చేయించండి, ఆడబిడ్డల పేర్లు ఇడిచిపెట్టకుండ. తెల్లకాగితం మీద సంతకం ఎవ్వరడిగినా, ఎంతిస్తమన్నా పెట్టకండి. మనకు కేటాయించిన భూమిని కబ్జా చేసుడు 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. కోర్టుకు పోవాల్నంటే ఫీజు లేదని భయపడొద్దు. ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతోటి సంబంధం లేకుండ న్యాయసేవల సంస్థ ఉచితంగ వకీలును ఇయ్యాలె. పోయేటప్పుడు ఆ 2004 తీర్పు నకలు జేబుల పెట్టుకొని పోండి.