ముందు మెస్ బిల్లు, తర్వాత ఫీజు

మెట్టమాట – పెన్నేరు

కాలేజీ స్కాలర్‌షిప్పుల మీద మన పత్రికల్లో వచ్చే వార్తలన్నీ ఫీజు బకాయిల చుట్టూనే తిరుగుతాయి. ఇన్ని కోట్లు విడుదల, ఇన్ని కోట్లు పెండింగు, యాజమాన్యాల హెచ్చరిక, మంత్రిగారి హామీ. ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి చూస్తే ఈ లెక్కల్లో అసలు మనిషి కనపడడు. సీతారామపురం నుంచో మర్రిపాడు నుంచో నెల్లూరు వచ్చి, నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటూ, ఈ నెల అన్నానికి ఎవరిని అడగాలా అని ఆలోచించుకునే పిలకాయ గురించి చెబుతున్నాను. వాడి ఫీజు ఇవాళ కాకపోతే వచ్చే ఏడైనా ప్రభుత్వం కాలేజీకి కడుతుంది. వాడి అన్నం మాత్రం వచ్చే ఏటిదాకా ఆగదు.

ఉదయగిరి నుంచి నెల్లూరుకు దాదాపు వంద కిలోమీటర్లు, ఆత్మకూరు నుంచి అరవైకి అటూ ఇటూ. సోమశిల జలాశయం ఉన్నది అనంతసాగరం మండలంలోనే అయినా ఆ నీళ్లతో పండే మాగాణి చాలావరకు తూర్పున ఉంది. పడమటి మెట్టకు మిగిలింది వాన, బోరు, వలస. ఉదయగిరి కొండ కింద ముస్లిం ఇళ్లల్లో ఆడవాళ్లు చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కి బతుకుతున్నారు. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ ఇళ్ల నుంచి, మాల మాదిగ పల్లెల నుంచి, యానాది కాలనీల నుంచి, దూదేకుల, గొల్ల కుటుంబాల నుంచి ఇప్పుడు పిల్లలు డిగ్రీకి వస్తున్నారు. చాలామంది ఇంట్లో వాళ్లే మొదటివాళ్లు. ఏ కోర్సు తీసుకోవాలో, ఏ కాగితం ఎప్పుడు పెట్టాలో చెప్పడానికి వెనక ఎవరూ లేరు.

వీళ్లను చదువు మాన్పించేది ఎక్కువసార్లు ఫీజు కాదు. రెండు నెలల మెస్ బిల్లు, గది అద్దె, పరీక్ష ఫీజు, రికార్డు పుస్తకాలు. సంక్రాంతికి ఊరికొచ్చిన ఆడపిల్ల తిరిగి పోదు. అడిగితే ‘ఈ ఏడు కుదర్లేదయ్యా, వచ్చే ఏడు చూద్దాం’ అంటారు. వచ్చే ఏటికి పెళ్లిచూపులు మొదలవుతాయి. అలాంటి పిల్ల పేరు ఏ బకాయిల పట్టికలోనూ ఉండదు.

స్కాలర్‌షిప్ అంటే మొదట్లో బతకడానికి ఇచ్చే డబ్బే. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ అంబేడ్కర్‌ను కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపినప్పుడు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు ఇచ్చాడు. న్యూయార్కులో తిని, ఉండి, చదువుకోవడానికి ఇచ్చిన డబ్బది. అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1944లో, షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. అందులోనూ నిర్వహణ భత్యమే వెన్నెముక. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు ఊరూరా వెలిశాక మన రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. అది లక్షల ఇళ్లకు మేలు చేసింది, కాదనను. అయితే అప్పటినుంచి ప్రభుత్వ ఖాతాలో పెద్ద పద్దు కాలేజీదైంది, పిల్లవాడి చేతికిచ్చేది చిల్లర అయింది.

ఎంత చిల్లరో చెబుతాను. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుకు కేంద్రం 2010లో సవరించిన రేట్ల ప్రకారం మామూలు డిగ్రీ చదువుతూ ఇంటి నుంచి కాలేజీకి వచ్చిపోయే ఎస్సీ విద్యార్థికి నెలకు 300 రూపాయలు. పది నెలల చదువుకు 3,000. ఆ పథకాన్ని 2020 డిసెంబరులో పెద్దగా సంస్కరించి, ఐదేళ్లకు 59 వేల కోట్ల రూపాయల ఖర్చుతో నాలుగు కోట్ల మంది పిల్లలకు అందిస్తామన్నారు. కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం అని కచ్చితంగా రాసుకున్నారు. అది మంచి పనే. కానీ మామూలు డిగ్రీ పిల్లవాడికి ఏడాది భత్యం ఎంతన్నారంటే, మళ్లీ 3,000. హాస్టల్లో ఉంటే 6,000. దశాబ్దంలో బియ్యం పెరిగింది, బస్సు చార్జీ పెరిగింది, గది అద్దె పెరిగింది. నెలకు పాతిక రోజులు కాలేజీకి వెళ్లే పిల్లవాడికి రోజుకు 12 రూపాయలు దక్కుతాయి. నెల్లూరు బస్టాండులో ఆ డబ్బుకు ఒక పూట టిఫిను రాదు.

రాష్ట్రం 2020 ఫిబ్రవరిలో వసతి దీవెన పేరుతో ఐటీఐ వాళ్లకు 10 వేలు, పాలిటెక్నిక్‌కు 15 వేలు, డిగ్రీ ఆపైన 20 వేలు ఏడాదికి ఇచ్చే పథకం మొదలుపెట్టింది. ఆ ఆలోచన సరైనది. అన్నం ఖర్చును విడిగా, గౌరవంగా లెక్కగట్టిన పథకం అది. ఆ ఆలోచనను నిలబెట్టుకోవాల్సింది పోయి మన రాజకీయం ఇంకో చర్చలో పడింది: ఫీజు డబ్బు తల్లి ఖాతాలో వేయాలా, కాలేజీ ఖాతాలో వేయాలా? ఆ తగువు 2021లో హైకోర్టు దాకా పోయింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే నేరుగా కట్టాలని నిర్ణయించారు. ఎవరి ఖాతాలో వేసినా నాకు పేచీ లేదు. ఏ నెలలో వేస్తారన్నదే ఎవరూ మాట్లాడలేదు. ఎస్సీ స్కాలర్‌షిప్పులో కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాకే వస్తుంది, కానీ రాష్ట్రం తన 40 శాతం విడుదల చేశాకే. ఇక్కడ ఒక ఫైలు ఆగితే అక్కడి డబ్బూ ఆగుతుంది. ఆ మధ్యలో పిల్లవాడు వడ్డీకి తెచ్చుకుంటాడు. కోర్సు పూర్తయ్యాక ఫీజు బాకీ పేరు చెప్పి కొన్ని కాలేజీలు సర్టిఫికెట్లు పట్టుకుంటాయి. అసలు సర్టిఫికెట్లు ఆపకూడదని యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ సంగతి పిల్లలకు చెప్పేవాళ్లు లేరు.

డబ్బు కంటే ముందు కాగితం ఉంది. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఆధార్, బ్యాంకు ఖాతా, వేలిముద్ర. వీటిలో ఒక్కటి తప్పినా దరఖాస్తు కదలదు. యానాది కుటుంబాల్లో పుట్టినతేదీ కాగితమే లేనివాళ్లు ఇంకా ఉన్నారు. నెల్లూరు జిల్లాలో యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్యకు 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. వాళ్ల మీద నేరస్థ జాతుల చట్టం వేసిన ముద్రకు వ్యతిరేకంగా ఆయన పోరాడాడు. అప్పుడు పోలీసు రిజిస్టరులో పేరు ఉండడం యానాదికి శాపం. ఇప్పుడు కంప్యూటరులో పేరు లేకపోవడం ఆ ఇంటి పిల్లకు శాపమైంది.

ఇది మన ఒక్కరి కష్టం కాదు. అమెరికాలో స్పానిష్ మాట్లాడే ఇళ్ల నుంచి మొదటిసారి కాలేజీకి పోయే పిల్లలదీ ఇలాంటి స్థితే. వాళ్లకోసం 1975లోనే హిస్పానిక్ స్కాలర్‌షిప్ ఫండ్ పుట్టింది. అయినా సాయం కొరత కంటే దాన్ని అందుకునే దారే కష్టం. అక్కడి ఫెడరల్ సాయానికి 2023 డిసెంబరు చివర కొత్త దరఖాస్తు తెరిచారు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లిదండ్రుల వివరాలను ఆ దరఖాస్తు వ్యవస్థ తీసుకోలేదు. అమెరికాలోనే పుట్టి, సాయానికి పూర్తి హక్కున్న పిల్లలు కూడా అమ్మానాన్నల నంబరు లేక నెలల తరబడి ఆగిపోయారు. కాలేజీలు సీట్లు ఖరారు చేసే నెలలు అవే.

మన దగ్గరే పనిచేసిన పద్ధతి ఒకటి ఉంది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ తీసేశారు. దాన్ని స్కాలర్‌షిప్ అని ఎవరూ అనలేదు. కానీ వింజమూరులోనో ఆత్మకూరులోనో చదివే ఆడపిల్లకు అంత సూటిగా అందిన విద్యా సాయం ఇంకొకటి నాకు తెలియదు. దరఖాస్తు లేదు, వాయిదా లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే సరి. ఇవాళ బస్సెక్కితే ఇవాళే సాయం. భత్యం కూడా అలాగే అందాలి. కాలేజీ తెరిచిన నెలలోనే మొదటి విడత విద్యార్థి ఖాతాలో పడాలి, కాగితాల తనిఖీ రెండో విడతకు పెట్టుకోవచ్చు. సంక్షేమ హాస్టళ్లలో డైట్ చార్జీలు పెంచిన ప్రతిసారీ బయట గదిలో ఉండే పిల్లవాడి భత్యమూ అంతే పెరగాలి. ఖజానాలో డబ్బు చాలదంటే ముందు ఇది చెల్లించి, ఆ తర్వాత కాలేజీల బిల్లులు చూడాలి. అద్దెకూ జీతాలకూ అప్పు పుట్టే సంస్థ ఆగగలదు.

ఇంత పెద్ద మార్పుకు అమరావతి, ఢిల్లీ కదలాలి. అవి కదిలేలోపు జిల్లాలో చేయగలిగిన పనులున్నాయి. ఇంటర్ ఫలితాలు రాగానే తహసీల్దారు, సచివాలయ సిబ్బంది కలిసి యానాది కాలనీలకే వెళ్లి కుల, ఆదాయ పత్రాలు అక్కడికక్కడ ఇచ్చి రావచ్చు. ఉదయగిరి, ఆత్మకూరు డిపో మేనేజర్లు ఆ చుట్టుపక్కల కాలేజీల ప్రిన్సిపాళ్లతో ఒక పూట కూర్చుని, పొద్దున మొదటి గంటకు పిల్లల్ని చేర్చేలా, సాయంత్రం చీకటి పడకముందే ఊళ్లకు దించేలా బస్సుల వేళలు మార్చవచ్చు. దానికి కొత్త జీవో అక్కర్లేదు, జూన్‌లోపు అయిపోయే పని.