శుభలేఖ చదవలేని చదువు



కోడింగ్, ఇంగ్లీషు వస్తే చాలు, పిల్లలు ప్రపంచంలో ఎక్కడైనా బతికేస్తారన్న గత వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసంతో నేను సగమే ఏకీభవిస్తాను. ప్రపంచీకరణ అనే మాట మా చెవిన పడకముందే భిలాయి దాన్ని కళ్లారా చూసింది. ఉక్కు కర్మాగారం కోసం 1955లో కుదిరిన ఒప్పందంతో సోవియట్ ఇంజినీర్లు వచ్చారు; శ్రీకాకుళం నుంచి మా నాన్నలాంటి కూలీలూ వచ్చారు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. నాన్న పనిలోనే హిందీ నేర్చుకున్నాడు, ఊరికి తెలుగులో ఉత్తరాలు రాశాడు. ఒక భాష ఇంకో భాషకు అడ్డు రాలేదు.

2016లో ఐఐటీ భిలాయి మొదలైంది. మా మనవరాలు దాని మీదే కన్నేసింది, సంతోషమే. కానీ మొన్న ఊరి నుంచి శుభలేఖ వస్తే ఫోన్ కెమెరా పెట్టి హిందీలోకి మార్చి చదివింది. ముహూర్తం తెలిసింది గానీ, ‘చిరంజీవి’ అంటే పెళ్లికొడుకు పేరనుకుంది!

2020 జాతీయ విద్యా విధానం వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి దాకా మాతృభాషలో పాఠాలు చెప్పమంది. అంత అడగను. ఖుర్సీపార్‌లో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం. ఇక్కడి బళ్లలో కంప్యూటర్ క్లాసు పక్కనే వారానికి రెండు పీరియడ్లు తెలుగు పెట్టండి, చాలు.

– ఒక విశ్రాంత ఉక్కు కార్మికుడు, ఖుర్సీపార్, భిలాయి