క్రైమ్ పాడ్‌కాస్ట్‌లు వినొచ్చా? వినొచ్చు, ఇవైతే

మెస్‌కి నడిచి వెళ్లడానికి పది నిమిషాలు, తిరిగి రావడానికి పది, బట్టలు ఉతుక్కోవడానికి అరగంట. పుస్తకం చేత్తో పట్టుకోలేని సమయం రోజులో గంట దాకా ఉంటుంది. ఆ గంటలో నేను క్రైమ్ పాడ్‌కాస్ట్‌లు వింటాను. ఈ మాట మా స్టడీ గ్రూపులో బయటపడినప్పుడు ఒక అన్న నవ్వేసి, "ఎడిటోరియల్ చదవడానికే టైం చాలట్లేదు, నువ్వు హత్యల కథలు వింటున్నావా తమ్ముడూ?" అన్నాడు. నాలుగో అటెంప్ట్ రాస్తున్న మనిషి, మాకందరికీ పెద్దదిక్కు. అప్పుడు సరైన జవాబు తట్టలేదు. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. తెలుగులో యూట్యూబ్ తెరిస్తే కనిపించే క్రైమ్ కథలు చాలావరకు వినదగ్గవి కావు. గుండెలదిరే మ్యూజిక్, చనిపోయిన అమ్మాయి ఫోటోతో థంబ్‌నెయిల్, పోలీసు ప్రెస్‌మీట్‌లో చెప్పిందే వేదవాక్కు. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే రెండేళ్ల వరకు జైలు అని పాత ఐపీసీ 228ఎ చెప్పింది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. బాధితురాలు చనిపోయినా ఆ రక్షణ పోదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా ఆ థంబ్‌నెయిల్స్ అలాగే ఉన్నాయి. నేనైతే అలాంటిది కనిపిస్తే లోపల ఎంత పరిశోధన ఉందన్నా తెరవను.

ఈ విషయంలో నాకు పట్టుదల ఎందుకంటే, 2019 డిసెంబరు 6న పొద్దున్నే నేనూ స్టేటస్ పెట్టుకున్నాను. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. పోలీసుల మీద పూలు చల్లారు. మా కాలేజీ గ్రూపులో 'న్యాయం జరిగింది' అన్న మెసేజ్ నేను కూడా ఫార్వర్డ్ చేశాను. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. ఆత్మరక్షణ అన్న కథనం నమ్మేలా లేదని, చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని అది తేల్చింది. అప్పటికి నేను 21వ అధికరణ మీద నోట్స్ రాసుకుంటున్నాను. రేపు యూనిఫాం వేసుకోవాలనో, మెజిస్ట్రేట్ అధికారం ఉన్న కుర్చీలో కూర్చోవాలనో చదువుతున్న మనం నేరం గురించి కథ ఎలా వింటున్నామన్నది చిన్న విషయం కాదని ఆ రోజు అనిపించింది.

అందుకే మొదటగా సిఫార్సు చేసేది 'ఇన్ ద డార్క్' రెండో సీజన్. 2018లో వచ్చింది, కొత్తదేం కాదు, కానీ మీరు వినకపోతే మీకు కొత్తదే. అమెరికాలో మిస్సిసిప్పి రాష్ట్రంలోని వినోనా అనే చిన్న పట్టణంలో 1996లో ఒక ఫర్నిచర్ షాపులో నలుగురు హత్యకు గురయ్యారు. కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతి యువకుణ్ని పట్టుకున్నారు. అదే కేసులో, అదే ప్రాసిక్యూటర్, అతన్ని ఆరుసార్లు విచారించాడు. పై కోర్టు శిక్ష కొట్టేయడం, ఆయన మళ్లీ కేసు నడపడం, జ్యూరీ ఏకాభిప్రాయానికి రాకపోవడం, మళ్లీ మొదటికి రావడం. పాడ్‌కాస్ట్ బృందం ఆ ఊళ్లోనే మకాం పెట్టింది. సాక్షుల్ని ఒక్కొక్కరినీ మళ్లీ కలిసింది. ఫ్లవర్స్ తన దగ్గర నేరం ఒప్పుకున్నాడని కోర్టులో చెప్పిన తోటి ఖైదీ, అదంతా అబద్ధమని వాళ్ల మైకు ముందే అన్నాడు.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఇంకో ఎపిసోడ్. కోర్టుల బేస్‌మెంట్లలో మగ్గుతున్న పాత రికార్డుల పెట్టెలు తెరిచి, పాతికేళ్ల జ్యూరీ ఎంపికల్ని పేజీ పేజీగా స్కాన్ చేసి లెక్క కట్టారు. ఆ ప్రాసిక్యూటర్ కార్యాలయం తెల్లవాళ్ల కంటే నల్లజాతివాళ్లను నాలుగు రెట్లకు పైగా ఎక్కువగా జ్యూరీ నుంచి తీసేసిందని తేలింది. ఒక్క ఫ్లవర్స్ కేసులోనే, ఆరు విచారణల్లో, తీసేయడానికి వీలున్న 42 మంది నల్లజాతివాళ్లలో 41 మందిని తీసేశారు. ఈ రెండో లెక్క అమెరికా సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. 2019 జూన్‌లో 7-2 మెజారిటీతో శిక్ష రద్దయింది. 2020 సెప్టెంబరులో రాష్ట్రం అభియోగాలు ఉపసంహరించుకుంది. అప్పటికి అతను దాదాపు 23 ఏళ్లు జైల్లో గడిపాడు.

జ్యూరీ పద్ధతి మనకు లేదు కదా, ఇది మనకెందుకు అనొచ్చు. ప్రాసిక్యూటర్ స్వతంత్రంగా ఉండాలా, ఎవరికి జవాబు చెప్పాలి అన్న ప్రశ్న మనకూ ఉంది. ఒకే మనిషిని పదేపదే నిందితుడిగా నిలబెట్టే అధికారం మీద పగ్గం ఏమిటన్నది 20వ అధికరణ చదివేటప్పుడు తప్పకుండా రావాల్సిన ప్రశ్న. ఎథిక్స్ పేపర్‌లో 'నిష్పాక్షికత' అని నిర్వచనం రాసే బదులు ఆ బేస్‌మెంట్ పెట్టెల గురించి రెండు వాక్యాలు రాసి చూడండి.

అదే బృందం ఇప్పుడు న్యూయార్కర్ పత్రికతో కలిసి పనిచేస్తోంది. 2024లో వచ్చిన మూడో సీజన్ ఇరాక్‌లోని హదీతా గురించి. 2005 నవంబరు 19న అమెరికా మెరైన్లు అక్కడ 24 మంది పౌరుల్ని చంపారు. ఆ హత్యలకు ఎవరూ జైలుకు వెళ్లలేదు. సైన్యం దాచిన ఫోటోల కోసం ఈ విలేకరులు సమాచార చట్టం కింద దావా వేసి ఏళ్ల తరబడి పోరాడి సాధించారు. 2025లో పులిట్జర్ వచ్చింది. మన సమాచార హక్కు చట్టంలో 24వ సెక్షన్ నిఘా, భద్రతా సంస్థలకు మినహాయింపు ఇస్తూనే, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల్ని ఆ మినహాయింపు నుంచి తప్పించింది. ఆ చిన్న షరతు ఎందుకు పెట్టారో ఈ సీజన్ విన్నాక నాకు కంఠతా పట్టాల్సిన అవసరం రాలేదు. పిల్లల మరణాల ప్రస్తావన చాలా ఉంటుంది, రాత్రి పడుకునే ముందు మాత్రం వినకండి.

రక్తపాతం వద్దనుకునేవాళ్లకు బీబీసీ వరల్డ్ సర్వీస్ 'ది లజారస్ హైస్ట్' ఉంది. 2021లో మొదలైంది. జీఎస్-3లో సైబర్ భద్రత, మనీ లాండరింగ్ అని రెండు వేర్వేరు అంశాలుగా చదువుతాం కదా, ఇది రెంటినీ ఒకే కథలో ముడివేస్తుంది. 2016 ఫిబ్రవరిలో హ్యాకర్లు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కంప్యూటర్లలో దూరి, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వులో ఉన్న ఆ బ్యాంకు ఖాతా నుంచి దాదాపు 95 కోట్ల డాలర్లు లాగడానికి ప్రయత్నించారు. ముహూర్తం ఎలా పెట్టుకున్నారో చూడండి. గురువారం రాత్రి మొదలుపెట్టారు. శుక్రవారం ఢాకాలో సెలవు. ఢాకా తేరుకునేసరికి న్యూయార్క్‌లో వారాంతం. సోమవారం మనీలాలో చైనా నూతన సంవత్సరం సెలవు. ఢాకా ఆఫీసులో లావాదేవీలు ముద్రించే ప్రింటర్ పనిచేయకపోతే మామూలు రిపేరే అనుకున్నారు.

మరి అంత డబ్బూ పోకుండా ఆపింది ఏమిటి? గొప్ప ఫైర్‌వాల్ ఏమీ కాదు. మనీలాలో డబ్బు చేరాల్సిన బ్యాంకు శాఖ జూపిటర్ అనే వీధిలో ఉంది, ఆంక్షల జాబితాలో ఉన్న ఒక నౌక పేరూ జూపిటరే. ఆ మాట తగిలి చాలా బదిలీలు ఆగిపోయాయి. శ్రీలంకకు పంపిన 2 కోట్ల డాలర్లు 'ఫౌండేషన్' స్పెల్లింగ్ తప్పు రాసినందుకు వెనక్కి వచ్చాయి. అయినా 8.1 కోట్ల డాలర్లు మనీలా చేరి కేసినోల్లో కలిసిపోయాయి, ఎందుకంటే అప్పటికి ఫిలిప్పీన్స్ మనీ లాండరింగ్ చట్టం పరిధిలో కేసినోలు లేవు. మరుసటి ఏడాది చట్టం మార్చి చేర్చారు. రెండో సీజన్‌లో 2018 నాటి పుణె కాస్మోస్ బ్యాంకు దోపిడీ వస్తుంది, 94 కోట్ల రూపాయలు. 'సైబర్ నేరాలకు సరిహద్దులు లేవు' అని అందరం రాసే అరిగిపోయిన వాక్యం స్థానంలో ఇంత సరుకు దొరుకుతుంది.

ఇదే కోవలో 'ది మిస్సింగ్ క్రిప్టోక్వీన్' కూడా వినొచ్చు. వన్‌కాయిన్ పేరుతో ప్రపంచమంతా డబ్బు పోగేసి 2017లో మాయమైన రుజా ఇగ్నాతోవా కథ. కొంచెం సాగదీశారు. కానీ మా ఊళ్లో రోజువారీ కట్టించుకుని ఒకరోజు ఆఫీసుకు తాళం వేసిన కంపెనీ దెబ్బ తిన్న మా పిన్నికి ఈ కథ చెబితే, "మనలాంటోళ్లు అక్కడ కూడా ఉన్నారన్నమాట" అంది. అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం 2019లో ఎందుకొచ్చిందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

'ది టీచర్స్ పెట్' గురించి మాత్రం నాకు రెండు మనసులు. ఆస్ట్రేలియాలో 1982లో ఒక వివాహిత అదృశ్యమైంది. 2018లో ఈ పాడ్‌కాస్ట్ ఆ కేసును దేశమంతా మాట్లాడుకునేలా చేసింది. భర్త అరెస్టయ్యాడు, 2022లో దోషిగా తేలాడు, 24 ఏళ్ల శిక్ష పడింది. విజయమే కదా? కానీ మధ్యలో జరిగింది చూడండి. విచారణ దెబ్బతింటుందని ఆ దేశంలో పాడ్‌కాస్ట్‌ను తీసేయాల్సి వచ్చింది, కోర్టు విచారణను కొన్ని నెలలు వాయిదా వేసింది, చివరికి జ్యూరీ లేకుండా జడ్జి ఒక్కరే విన్నారు. మన దగ్గర 2012లో సహారా వర్సెస్ సెబీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం, అవసరమైతే వార్తల ప్రచురణను కొంతకాలం వాయిదా వేయించవచ్చని చెప్పింది. మీడియా ట్రయల్ మీద ప్రశ్న వస్తే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టండి. మంచి ఫలితం వచ్చింది కాబట్టి దారి సరైనదే అనేవాళ్లతో నేను ఏకీభవించను. చటాన్‌పల్లి రోజు మేము అన్నదీ అదే.

దక్షిణాసియా కావాలంటే బీబీసీ వాళ్లదే 'ది అసాసినేషన్', బెనజీర్ భుట్టో హత్య మీద. 2007 డిసెంబరు 27న రావల్పిండిలో ఆమె మీద దాడి జరిగిన చోటును రెండు గంటలైనా గడవకముందే నీళ్లతో కడిగేశారు. పోస్టుమార్టం జరగలేదు. వేల ఆధారాలు దొరకాల్సిన చోట సేకరించినవి 23 అని ఐక్యరాజ్యసమితి కమిషన్ రాసింది. ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి రావాలని మన బీఎన్ఎస్ఎస్ 176(3) ఎందుకు అంటోందో ఇదొక్కటి వింటే చాలు.

అదే 2007 డిసెంబరు 27న విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్‌లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. పోలీసులు ఒక పేద యువకుణ్ని పట్టుకున్నారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చిలో హైకోర్టు అతన్ని నిర్దోషి అని వదిలేసి, పరిహారం ఇవ్వమంది. 2018లో కేసు సీబీఐకి వెళ్లింది, ఈలోపు కింది కోర్టులో ఉన్న వస్తు సాక్ష్యాలే ధ్వంసమయ్యాయని బయటపడింది. ఆ అమ్మాయి తల్లి మొదటి నుంచీ ఆ యువకుడు దోషి కాదనే చెబుతూ వచ్చింది. వినోనాలో జరిగినదానికి ఇది ఏమాత్రం తీసిపోదు. దీని మీద బేస్‌మెంట్ పెట్టెలు తెరిచే ఓపికతో, పేర్లు ఎక్కడ చెప్పాలో ఎక్కడ దాచాలో తెలిసిన బాధ్యతతో చేసిన తెలుగు పాడ్‌కాస్ట్ కోసం వెతికాను. నాకు దొరికినవన్నీ ఆ రాత్రి ఏం జరిగిందో ఊహించి చెప్పేవే.

ఇంగ్లిష్ యాస అర్థం కాక వదిలేస్తున్న తెలుగు మీడియం మిత్రులు స్పీడ్ 0.8కి తగ్గించి వినండి. ట్రాన్‌స్క్రిప్ట్ ఉంటే మొదటి ఎపిసోడ్ చదువుతూ వినండి, మూడో ఎపిసోడ్‌కి చెవి అలవాటు పడుతుంది. ప్రిలిమ్స్‌కి రెండు నెలల ముందు మాత్రం ఆపేయండి, నేను ఆపలేక ఒకసారి దెబ్బతిన్నాను.

మా అన్నకు 'లజారస్ హైస్ట్' లింకు పంపాను. వారం తర్వాత మెస్ దగ్గర కనిపించి, పలకరింపు కూడా లేకుండా, "ఆ ప్రింటర్ సంగతేంట్రా బాబూ" అని మొదలుపెట్టాడు.